ప్రాథమిక పాఠశాల పిల్లలకు పోలీసు మెంటర్లు: సంతకం పెట్టే ముందు ఏమేమి అడగాలి?

డాలస్ అమ్మ:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి నాలుగో గ్రేడ్ చదువుతున్నాడు. వేరే రాష్ట్రం నుంచి డాలస్‌కు మారిన దగ్గర నుంచి వాడు బడిలో ఎవరితోనూ కలవడం లేదని, భోజనాల దగ్గర ఒక్కడే ఒక మూలన కూర్చుంటున్నాడని కౌన్సెలర్ చెప్పారు. పోయిన వారం బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పోలీసు శాఖ నుంచి ఒక అధికారి వారానికోసారి భోజన విరామంలో వచ్చి, ఎంపిక చేసిన పిల్లలతో విడివిడిగా అరగంట చొప్పున గడుపుతారని, కలిసి భోంచేయడం, బొమ్మల ఆటలు, పుస్తకం చదవడం వంటివి ఉంటాయని, ఇందుకు తల్లిదండ్రుల సంతకం కావాలని అందులో రాశారు.

2022 మే 24న యువాల్డీలోని రాబ్ ఎలిమెంటరీ స్కూల్‌లో జరిగిన కాల్పుల్లో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు చనిపోయిన తరువాత, ప్రతి బడిలోనూ ఆయుధం ఉన్న అధికారి ఒకరు ఉండాలని టెక్సస్ 2023లో చట్టం చేసింది. కాబట్టి మా బడి గుమ్మం దగ్గర పోలీసు కనిపించడం పిల్లలకు కొత్త కాదు. అయితే గుమ్మం దగ్గర నిలబడి కాపలా కాసే మనిషి వేరు, పక్కన కూర్చుని నా కొడుకు మనసులో మాట వినే మనిషి వేరు. ఖమ్మంలో ఉన్న మా అత్తగారికి ఫోన్‌లో చెబితే, "చిన్నపిల్లవాడికి పోలీసులతో పనేమిటమ్మా, సంతకం పెట్టవద్దు" అన్నారు. మా వారు పెట్టమంటున్నారు. ఇలాంటి కార్యక్రమాల వల్ల ఈ వయసు పిల్లలకు నిజంగా మేలు జరుగుతుందా? ఒప్పుకునే ముందు బడివారిని ఏమేమి అడగాలి? తెలిసినవారు దయచేసి వివరంగా రాయండి.

పాత ఠాణా:

అమ్మా, మీ అత్తగారి భయం నాకు అర్థమైంది. నేను కోస్తా జిల్లాల్లో ఎస్సైగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. మన ఇళ్లల్లో అన్నం తిననని మారాం చేసే పిల్లవాడికి బూచాడి తరువాత చెప్పే పేరు పోలీసుదే. "అల్లరి చేస్తే పోలీసులకు పట్టిస్తా" అని చెప్పి పెంచిన పిల్లవాడికి నిజంగా ఆపద వచ్చినప్పుడు ఏమవుతుందో నేను కళ్లారా చూశాను.

ఒక శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లలో నాకు బందోబస్తు పడింది. ప్రభల దగ్గర జనంలో ఏడేళ్ల పిల్లవాడు తల్లిదండ్రుల చేయి వదిలి తప్పిపోయాడు. మా కానిస్టేబుల్ దగ్గరకు వెళ్లేసరికి వాడు ఏడుపు ఆపి, గాజుల కొట్టు బల్ల కిందకు దూరిపోయాడు. ఊరి పేరు అడిగినా, తండ్రి పేరు అడిగినా నోరు విప్పలేదు. చివరకు ఆ గాజులమ్మే ఆవిడ వాడిని ఒడిలో కూర్చోబెట్టుకుని, చేతిలో మరమరాల పొట్లం పెట్టి అడిగితే, ఊరి పేరు, తాత పేరు, వచ్చిన ట్రాక్టరు రంగు సైతం చెప్పాడు. మైకులో ప్రకటించిన కాసేపటికే తండ్రి పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఖాకీ చూసి పిల్లవాడు మాట్లాడకపోవడం వల్ల అంతసేపు ఆ తల్లి పడిన వేదన చెప్పనలవి కాదు.

ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పనిలో పెట్టిన పిల్లలను, తప్పిపోయిన పిల్లలను వెతికేటప్పుడు కూడా ఇదే ఇబ్బంది. ఇటుక బట్టీల దగ్గర మా జీపు ఆగగానే, మేము ఎవరిని విడిపించడానికి వెళ్లామో ఆ పిల్లలే ముందుగా పారిపోయేవారు. కాబట్టి చిన్న వయసులో ఒక మంచి అధికారితో పరిచయం ఏర్పడితే అది పిల్లవాడి రక్షణకే ఉపయోగపడుతుందని నేను గట్టిగా నమ్ముతాను. సంతకం పెట్టమనే నా సలహా.

లెక్కల పుస్తకం:

పాత ఠాణా గారి అనుభవాన్ని నేను గౌరవిస్తున్నాను. అయితే పరిచయం కలిగించడం, పిల్లవాడి ప్రవర్తనలోనో మనసులోనో మార్పు తేవడం రెండూ ఒకే పని కావు. అమెరికాలో ఈ రెండింటినీ కలిపి చూసినందువల్ల చాలా ఏళ్లు, చాలా డబ్బు ఖర్చయ్యాయి. నా ఉద్యోగం ప్రజారోగ్య కార్యక్రమాల ఫలితాలను అంచనా వేయడం కనుక, ఇందులో నాకు తెలిసినంత రాస్తాను.

అక్కడి పోలీసులు చిన్నపిల్లల తరగతి గదుల్లోకి పెద్ద ఎత్తున వెళ్లింది డేర్ కార్యక్రమంతో. 1983లో లాస్ ఏంజెలెస్ పోలీసు అధిపతి డారిల్ గేట్స్, ఆ నగర పాఠశాలల యాజమాన్యం కలిసి దీన్ని మొదలుపెట్టారు. 80 గంటల శిక్షణ పొందిన అధికారి యూనిఫాంలో ఐదు, ఆరు గ్రేడ్ల పిల్లల దగ్గరకు వెళ్లి, వారానికి ఒకటి చొప్పున 17 పాఠాలు చెప్పేవారు. మాదకద్రవ్యాలకు దూరంగా ఉండాలన్నది ఆ పాఠాల సారం. పిల్లలకు ఆ అధికారులంటే ఇష్టం, తల్లిదండ్రులకు సంతోషం, పోలీసు శాఖకు మంచి పేరు. అందుకే అది దేశమంతటా వ్యాపించింది. ఫలితాల దగ్గరకు వచ్చేసరికి కథ వేరుగా ఉంది. అప్పటికి వెలువడిన అధ్యయనాలన్నిటినీ కలిపి 1994లో చేసిన సమీక్షలో మాదకద్రవ్యాల వాడకంపై దాని ప్రభావం చాలా స్వల్పమని తేలింది. కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఆరో గ్రేడ్‌లో ఈ పాఠాలు విన్న పిల్లలను, విననివారిని పదేళ్ల తరువాత, అంటే సుమారు 20 ఏళ్ల వయసులో, మళ్లీ కలిసి పోల్చి చూశారు. వెయ్యి మందికి పైగా పాల్గొన్న ఆ అధ్యయనం 1999లో ప్రచురితమైంది. రెండు వర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా ఏదీ కనిపించలేదు. 2001లో అమెరికా సర్జన్ జనరల్, అంటే అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య అధిపతి, నివేదిక డేర్‌ను పనిచేయని కార్యక్రమాల జాబితాలో చేర్చింది. ఆ తరువాత 2009లో దాని నిర్వాహకులు పాత పాఠాలను పక్కనపెట్టి, పరిశోధకులు తయారుచేసిన పది పాఠాల కొత్త బోధన ప్రణాళికను తీసుకున్నారు. అందులో ఉపన్యాసం తగ్గింది. పిల్లలు జంటలుగా నిలబడి, ఇష్టం లేని పనిని ఎలా కాదనాలో అభ్యాసం చేయడం పెరిగింది.

పోలీసులు చెబితే ఏదీ పనిచేయదని దీని అర్థం కాదు. 1991లో ఫీనిక్స్‌లో మొదలైన గ్రేట్ అనే మరో కార్యక్రమం ముఠాల్లో చేరకుండా పిల్లలను ఆపడానికి ఉద్దేశించినది. తొలి మూల్యాంకనంలో ముఠాల్లో చేరడంపై ప్రభావం కనిపించకపోతే, దాని నిర్వాహకులు పాఠాలను మొదటి నుంచి తిరగరాశారు. రెండోసారి ఏడు నగరాల్లో పరీక్షించినప్పుడు, పాఠాలు విన్న పిల్లలు ఏడాది తరువాత ముఠాలో చేరే అవకాశం 39 శాతం తక్కువగా, నాలుగేళ్ల తరువాత 24 శాతం తక్కువగా కనిపించింది. పోలీసుల పట్ల వారి అభిప్రాయం కూడా మెరుగుపడింది. అయితే ఆ పరీక్ష జరిగింది ఆరు, ఏడు గ్రేడ్ల పిల్లలతో. నాలుగు, ఐదు గ్రేడ్ల పిల్లల కోసం ఆరు పాఠాల భాగం వేరుగా ఉంది. పెద్ద పిల్లల ఫలితాన్ని దానికి అంటగట్టడం సరికాదు.

డాలస్ అమ్మగారూ, ఇవన్నీ తరగతి మొత్తానికి చెప్పే పాఠాల సంగతి. మీ దగ్గరకు వచ్చినది ఒక్కొక్క పిల్లవాడితో ఒక్కొక్క పెద్దమనిషి గడిపే పద్ధతి. దాని లెక్క వేరు. అమెరికాలో బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ ఈ పద్ధతిలో ఎంతో కాలంగా పనిచేస్తోంది, బిగ్స్ ఇన్ బ్లూ అనే పేరుతో పోలీసు అధికారులను కూడా పిల్లలకు జతచేస్తోంది. పదేళ్ల నుంచి పదహారేళ్ల మధ్య వయసున్న 959 మంది పిల్లలపై ఆ సంస్థ మామూలు కార్యక్రమాన్ని పరీక్షించి 1995లో ఫలితం ప్రకటించారు. ఏడాదిన్నర తరువాత, తోడు దొరికిన పిల్లలు మాదకద్రవ్యాల జోలికి కొత్తగా వెళ్లే అవకాశం మిగతావారి కంటే 46 శాతం తక్కువగా ఉంది. ఆ పిల్లల వివరాలనే మరింత లోతుగా చూసి 2002లో వెలువరించిన విశ్లేషణ నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైనది. ఏడాది, అంతకు మించి నిలిచిన జంటల్లోనే మేలు ఎక్కువగా కనిపించింది; మూడు నెలల లోపే తెగిపోయిన జంటల్లో పిల్లలకు తమ మీద తమకున్న గౌరవం అంతకు ముందు కంటే తగ్గింది. ఒంటరిగా ఉన్న పిల్లవాడికి ఒక మనిషిని చూపించి, అలవాటయ్యాక ఆ మనిషిని మాయం చేస్తే, అసలు చూపించకపోవడం కంటే ఎక్కువ నష్టం జరుగుతుంది. కాబట్టి మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: ఆ అధికారి ఎంతకాలం వస్తారు?

ఇర్వింగ్ నాన్న:

ఎంతకాలం అన్న ప్రశ్న కంటే ముందు ఎవరి కోసం వస్తున్నారన్న ప్రశ్న ఉంది. బడిలోకి వచ్చే పోలీసుకు రెండు విధులు ఉంటాయి. ఒకటి పిల్లవాడికి తోడుగా ఉండడం, రెండోది చట్టాన్ని అమలుచేయడం. రెండూ ఢీకొన్నప్పుడు అధికారి ప్రమాణం చేసినది రెండోదానికే. 2019 సెప్టెంబరులో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో, బడిలో మారాం చేసి పెద్దవాళ్లను కాళ్లతో తన్నిందని ఆరేళ్ల పాపను బడి అధికారి అరెస్టు చేసి, ఆ చిన్న చేతులకు ప్లాస్టిక్ బంధం వేసి తీసుకువెళ్లాడు. అతన్ని ఉద్యోగం నుంచి తొలగించారు. తీవ్రమైన హింసాత్మక నేరాలు మినహా ఏడేళ్లలోపు పిల్లలను అరెస్టు చేయరాదని ఆ రాష్ట్రం 2021లో చట్టం చేయవలసి వచ్చింది. అంత వరకు అక్కడ ఆ పాటి హద్దు కూడా లేకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

మీ అబ్బాయికి అలా జరుగుతుందని నేను భయపెట్టడం లేదు. నా ఆందోళన ఇంకా సన్నని విషయం గురించి. మనలాంటి వలస కుటుంబాల పిల్లలు ఇంట్లో విన్నదంతా అమాయకంగా చెప్పేస్తారు. నాన్న వీసా గురించి దిగులుపడుతున్నాడని, పైఅంతస్తులో అంకుల్ రాత్రి గట్టిగా అరిచాడని, అమ్మ కోపం వచ్చి చెయ్యి చేసుకుందని పదేళ్ల పిల్లవాడు పుస్తకం చదువుతూ చదువుతూ అనేస్తాడు. పిల్లలపై హింస జరుగుతోందని అనుమానం వస్తే తెలియజేయడం టెక్సస్‌లో ప్రతి ఒక్కరి చట్టబద్ధ బాధ్యత; అది మంచిదే, ఉండవలసిందే. మిగతా మాటల సంగతేమిటి? అవి ఎక్కడైనా రాసిపెడతారా? అమెరికా చట్టం ప్రకారం, పాఠశాల పోలీసు విభాగం తన పనికోసం తయారుచేసుకుని తన దగ్గరే ఉంచుకున్న రికార్డులు విద్యార్థి విద్యా రికార్డుల లెక్కలోకి రావు. అంటే విద్యా రికార్డులకు ఉన్న గోప్యతా రక్షణ వాటికి వర్తించదు. ఆ అధికారి మన పిల్లవాడి గురించి ఏమైనా రాస్తారా, రాస్తే ఆ కాగితం బడి కౌన్సెలర్ దగ్గర ఉంటుందా, పోలీసు శాఖ దగ్గర ఉంటుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. నోటిమాట సరిపోదు.

డర్హమ్ తెలుగు:

ఇంగ్లండు సంగతి ఒకటి చెప్పి ఊరుకుంటాను. మా డర్హమ్ పోలీసులు తొమ్మిది నుంచి పదకొండేళ్ల పిల్లలతో మినీ పోలీస్ అనే కార్యక్రమం నడుపుతారు. పిల్లలకు చిన్న యూనిఫాం ఇస్తారు, బడి ముందు వాహనాల వేగం గురించి డ్రైవర్లతో మాట్లాడిస్తారు, వృద్ధుల దగ్గరకు తీసుకువెళతారు. మా పాప చేరింది. బెరుకు పోయి నలుగురిలో మాట్లాడడం బాగా అలవడింది. అయితే ఇది బృందంగా చేసే సేవ. ఒంటరి పిల్లవాడికి ఒక తోడు కావలసి వచ్చినప్పుడు దీనివల్ల ఎంత ఉపయోగమో నేను చెప్పలేను.

బడిగంట:

నేను పల్లెలో ప్రాథమికోన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయుణ్ణి. అమెరికా, ఇంగ్లండు విషయాలు చదివాక మన దగ్గర పరిస్థితి గురించి రాయాలనిపించింది.

మన దేశంలో ఈ రంగంలో చెప్పుకోదగినది స్టూడెంట్ పోలీస్ కేడెట్ పథకం. 2010 ఆగస్టు 2న కేరళలో 127 పాఠశాలల్లో మొదలైంది. 2018 జూలై 21న గురుగ్రామ్‌లో అప్పటి కేంద్ర హోంమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దీన్ని జాతీయ స్థాయిలో ప్రారంభించారు. పాఠ్యపుస్తకం, పరీక్ష ఏవీ ఉండవని, నెలకు ఒక తరగతి ఉంటుందని, బడికి 50 వేల రూపాయల చొప్పున ఇస్తామని అప్పుడు ప్రకటించారు. మంచి ఆలోచనే. అయితే అది 8, 9 తరగతుల పిల్లలకు మాత్రమే. ఒకటి నుంచి ఐదు వరకు చదివే పిల్లల దగ్గరకు పోలీసు వచ్చేది ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ ఉపన్యాసం ఇవ్వడానికే.

ఆ ఉపన్యాసం ఎలా ఉంటుందో చెబుతాను. ప్రార్థన ముగిశాక పిల్లలను ఎండలోనే వరుసల్లో కూర్చోబెడతాము. వచ్చిన అధికారి మైకు పట్టుకుని ట్రాఫిక్ నిబంధనలు, సైబర్ నేరాలు, ఈవ్ టీజింగ్, గంజాయి, బాల్య వివాహాలు అన్నీ ఒకే గంటలో చెబుతారు. రెండో తరగతి పిల్లలు ముందు వరుసలో ఇసుకలో గీతలు గీసుకుంటూ ఉంటారు. ఫొటో తీసుకుంటారు, మరుసటి రోజు పేపర్ జిల్లా పేజీలో వస్తుంది. లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర 1959లో పదిమంది జవాన్లు ప్రాణాలర్పించిన అక్టోబరు 21 నాడు దేశమంతా పోలీసు అమరవీరులను స్మరించుకుంటుంది. ఆ వారంలో స్టేషన్లలో ఓపెన్ హౌస్ పెట్టి పిల్లలను ఆహ్వానిస్తారు. అమరుల త్యాగం పిల్లలకు తెలియాలి, అందులో సందేహం లేదు. కానీ ఎనిమిదేళ్ల పిల్లలను తీసుకువెళితే వాళ్లకు ఎక్కువసేపు చూపించేది బల్ల మీద పేర్చిన తుపాకులనే. మావాళ్లు తిరిగి వచ్చాక వేసిన బొమ్మల్లో తుపాకీ ఉంది, బేడీలు ఉన్నాయి, పోలీసు ముఖం మాత్రం లేదు. ఆ బొమ్మలు నేను బీరువాలో దాచి ఉంచాను, ఎవరైనా అధికారి అడిగితే చూపించడానికి.

చట్టం మాత్రం మనకు ఎంతో సున్నితంగా ఉంది. 2015 బాల న్యాయ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ప్రతి స్టేషన్‌లోనూ ఎఎస్సై స్థాయికి తగ్గని ఒక అధికారిని బాలల సంక్షేమ పోలీసు అధికారిగా గుర్తించాలి. పిల్లలతో వ్యవహరించేటప్పుడు వీలైనంత వరకు మామూలు దుస్తుల్లో ఉండాలని నిబంధనలు చెబుతున్నాయి. పోక్సో చట్టం 24వ సెక్షన్ అయితే పిల్లల వాంగ్మూలం తీసుకునే అధికారి యూనిఫాంలో ఉండనే కూడదంటుంది. ఆ బాలల సంక్షేమ అధికారి ఎవరో మా మండలంలో ఎంతమంది ఉపాధ్యాయులకు తెలుసునని అడిగితే జవాబు ఆశాజనకంగా ఉండదు. ఆయన నెలకు రెండుసార్లు వచ్చి, మైకు లేకుండా, మా నాలుగో తరగతి పిల్లల మధ్య నేల మీద కూర్చుంటే చాలునని నా కోరిక. పాత ఠాణా గారూ, ఇది సాధ్యమా?

పాత ఠాణా:

మాస్టారూ, ఉన్నమాట చెప్పాలి. నెలకు రెండుసార్లు అని మాట ఇచ్చి నిలబెట్టుకోగల ఎఎస్సై మన స్టేషన్లలో అరుదు. ఎన్నికలు, మంత్రుల పర్యటనలు, జాతరలు, కోర్టు వాయిదాలు, పైనుంచి హఠాత్తుగా వచ్చే బందోబస్తు ఉత్తర్వులు వీటిలో ఏది వచ్చినా బడి పని వెనక్కి పోతుంది. ఇక బదిలీ ఉండనే ఉంది. మూడు నెలల్లో తెగిపోయే తోడు కంటే తోడు లేకపోవడమే నయమని లెక్కల పుస్తకం గారు పైన రాశారు కదా, అది చదివి నేను చాలాసేపు ఆలోచించాను. నిలకడగా రాలేని అధికారిని పిల్లల దగ్గరకు పంపకపోవడమే మంచిదన్న అభిప్రాయానికి వచ్చాను.

ఇర్వింగ్ నాన్న గారి భయం గురించి ఒక మాట. మన దగ్గర ఏడేళ్లలోపు పిల్లలు చేసినదేదీ నేరం కాదని పాత శిక్షాస్మృతిలోనూ ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్‌లోనూ ఉంది. ఏడు నుంచి పన్నెండేళ్ల మధ్య వారికి తెలిసీ తెలియని వయసన్న వెసులుబాటు ఉంది. చట్టంతో ఘర్షణ పడ్డ పిల్లలెవరినీ లాకప్‌లో పెట్టకూడదని బాల న్యాయ చట్టం స్పష్టంగా చెబుతోంది. ఈ విషయాలు మా కానిస్టేబుళ్లలో ప్రతి ఒక్కరికీ కంఠతా రావాలి. పిల్లల మధ్యకు పంపే ముందు ఇవ్వవలసిన శిక్షణ ఇక్కడి నుంచే మొదలుకావాలి.

సచివాలయం అక్క:

నేను ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తాను. 2019లో సచివాలయాలు వచ్చినప్పుడు మా ఉద్యోగం పేరు మహిళా సంరక్షణ కార్యదర్శి. 2021లో మమ్మల్ని మహిళా పోలీసులుగా పేర్కొన్నారు. మేము పోలీసు శాఖ కిందికి వస్తామా రామా అన్నదానిపై కోర్టుల్లో వాజ్యాలు నడిచాయి, ఆ చర్చ ఇక్కడ వద్దు. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: మా తిరుగుడంతా ఆ ఊళ్లోనే, మా డ్యూటీల్లో బడి కూడా ఉంటుంది, పిల్లలు నన్ను పిలిచేది "అక్కా" అని.

మధ్యాహ్న భోజనం సమయంలో నేను వరండాలో పిల్లల వరుస చివర కూర్చుంటాను. పాఠం చెప్పను. గుడ్డు పెట్టిన రోజుల్లో మూడో తరగతి పాప ఒకతి గుడ్డు తినకుండా, నోటుబుక్కులోంచి చింపిన కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకోవడం గమనించాను. మొదట అడిగితే "నాకు గుడ్డు పడదు" అంది. నేను మళ్లీ అడగలేదు. పక్కన కూర్చోవడం మాత్రం మానలేదు. కొన్ని వారాల తరువాత తనంతట తానే, ఇంట్లో తమ్ముడు ఉన్నాడని, అమ్మా నాన్నా మిరప కోతలకు తెల్లవారకముందే వెళ్లిపోతారని, వాడికి ఈ గుడ్డు పెడతానని చెప్పింది. విచారిస్తే, ఆ కుటుంబం వేరే మండలం నుంచి పనికి వచ్చింది, మూడేళ్ల ఆ బాబు పేరు మా అంగన్‌వాడీలో నమోదు కాలేదు. పగలంతా వాడు గుడిసెలో ఒక ముసలామె కాపలాలో ఉంటున్నాడు. మరుసటి రోజే అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడి పేరు రాయించాము. ఇప్పుడు వాడికి అక్కడే గుడ్డు అందుతోంది, ఈ పాప తన గుడ్డు తాను తింటోంది.

ఇందులో నేరం ఏదీ లేదు. ఎఫ్‌ఐఆర్ లేదు. అయినా ఆ బాబు ఏ కాలువలోనో పడి ఉంటే అప్పుడు పోలీసులు వచ్చేవారు. చిన్నపిల్లల దగ్గర మేము చేయగలిగిన మేలు ఎక్కువ భాగం ఇలాంటిదే.

రహస్యం గురించి ఇర్వింగ్ నాన్న గారు అడిగినది నాకు చాలా ముఖ్యమైన విషయం. "ఎవరికీ చెప్పను" అని నేను ఏ పిల్లకూ మాట ఇవ్వను. లైంగిక వేధింపుల విషయం చెవిన పడితే తెలియజేయడం పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది. అందుకని మొదటి రోజే పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెబుతాను: "మీరు చెప్పిన మాట నేను ఊళ్లో చెప్పను. కానీ మిమ్మల్ని ఎవరైనా బాధపెడుతుంటే, అది ఆపగలిగిన పెద్దవాళ్లకు చెబుతాను. చెప్పే ముందు మీకు చెప్పే చెబుతాను." ఆ మాట ముందే చెప్పినందువల్ల పిల్లలు నోరు మూసుకోలేదు. తరువాత ఏం జరుగుతుందో తెలిస్తే వాళ్లకు ధైర్యం వస్తుంది.

డాలస్ అమ్మ:

ఇన్ని విషయాలు ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పిన ప్రశ్నలను ఈమెయిల్‌లో రాసి కౌన్సెలర్‌కు పంపాను, జవాబులు రాతలోనే వచ్చాయి. వచ్చే అధికారి బడిలో కాపలాకు ఉండే అధికారి కాదు, వేరే మనిషి. కలుసుకునే చోటు గ్రంథాలయంలో, లైబ్రేరియన్ కళ్లెదుట. అధికారి పిల్లవాడి గురించి ఏ కాగితమూ రాయరు, హాజరు మాత్రం కౌన్సెలర్ వేసుకుంటారు. విద్యా సంవత్సరం చివరి వరకు వస్తానని ఆయన మాట ఇచ్చారు. సచివాలయం అక్క చెప్పినట్లు, ఏ మాట దాస్తారో, ఏ మాట పైకి చెప్పవలసి వస్తుందో మొదటి రోజే మా అబ్బాయికి నా ఎదుట చెప్పాలని అడిగాను, ఒప్పుకున్నారు.

ఒక్క విషయంలోనే జవాబు సరిగా రాలేదు. మే చివరలో బడి మూసేశాక ఆగస్టు వరకు ఏమిటి? ఐదో గ్రేడ్‌లో మళ్లీ ఆయనే వస్తారా అంటే "చూద్దాం" అన్నారు.

లెక్కల పుస్తకం:

మీరు పట్టుకున్నది సరైన చోటు. నాలుగు నుంచి తొమ్మిది గ్రేడ్ల వరకు చదివే 1,139 మంది పిల్లలపై, బడిలోనే జరిగే మెంటరింగ్‌ను పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2007లో వెలువడింది. మొదటి విద్యా సంవత్సరం చివర చదువులో మెరుగుదల కనిపించింది. రెండో ఏడాదికి వచ్చేసరికి అందులో చాలా భాగం నిలవలేదు. చాలా జంటలు ఏడాది మధ్యలో మొదలుకావడం, వేసవిలో కలయికలు ఆగిపోవడం, కొత్త ఏడాదిలో కొనసాగకపోవడం ఇందుకు కారణాలుగా చర్చకు వచ్చాయి. కాబట్టి "చూద్దాం" అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. వేసవిలో రెండు మూడు ఉత్తరాలైనా, నగర గ్రంథాలయంలో మీ సమక్షంలో ఒకటి రెండు కలయికలైనా ఉండేలా అడగండి. ఆయన వచ్చే ఏడాది రాలేకపోతే ఆ సంగతి మార్చిలోనే మీకు తెలియాలి. చివరి రోజున తెలియకూడదు. ఇవి కుదిరితే సంతకం పెట్టవచ్చునని నా అభిప్రాయం. మూడు నెలల తరువాత అబ్బాయి భోజనాల దగ్గర ఇంకొక పిల్లవాడి పక్కన కూర్చుంటున్నాడా అని కౌన్సెలర్‌ను అడగండి. ఆ అధికారి వల్ల మేలు జరుగుతోందనడానికి నేను చూసే గుర్తు అదే. అధికారి మీద ఇష్టం ఎంత పెరిగినా తోటి పిల్లల దగ్గరకు వెళ్లకపోతే పద్ధతి మార్చమని చెప్పాలి.

బడిగంట:

సచివాలయం అక్కా, మీకు బదిలీ అయితే ఆ పిల్లల సంగతేమిటి? మా ఊరి సచివాలయంలోనూ మీలాంటి ఉద్యోగి ఉన్నారు, ఆమెను బడికి పిలవాలని అనుకుంటున్నాను. అందుకే అడుగుతున్నాను.

సచివాలయం అక్క:

మాస్టారూ, బదిలీలు మాకూ ఉన్నాయి. అందుకని నేను ఒక్కదాన్నే వెళ్లను. మా ఊరి ఆశా కార్యకర్త వారానికి ఒక రోజు నాతో పాటు అదే వరండాలో కూర్చుంటుంది, పిల్లలందరికీ ఆమె పేరు తెలుసు. ఆమె ఆ ఊరి కోడలు, ఎక్కడికీ వెళ్లదు. బదిలీ ఉత్తర్వు చేతికి వచ్చిన రోజే పిల్లలకు తేదీ చెప్పి, ఆ తేదీ దాకా ప్రతి వారం తప్పకుండా వస్తాను. మీరు పిలిచేటప్పుడు మీ ఊరి ఉద్యోగిని కూడా అలాగే, ఊళ్లో ఉండిపోయే మరొకరిని వెంట తీసుకురమ్మని అడగండి. గుడ్డు పెట్టే రోజు రమ్మనండి, ఆ రోజు హాజరు ఎక్కువగా ఉంటుంది.